కొసరుగా ఇచ్చేసిన ఐదు రోజులు

పోయిన నెల ఇంటీరియర్ డిజైన్ చదువుకుంటున్న తెలుగమ్మాయి ఒకతి మా ఇంటికొచ్చింది. "ఆంటీ, మీ సర్వీసులో మీకు బాగా పేరు తెచ్చిన ఇల్లు ఏది?" అని అడిగింది. పేరు తెచ్చిన ఇళ్ళ గురించి చెప్పడం మొదలుపెడితే అబద్ధాలు వాటంతట అవే వచ్చి పక్కన కూర్చుంటాయి. అందుకని, పేరు పోగొట్టబోయిన ఇంటి గురించి చెప్పాను. ఆ పిల్ల మర్యాదగా విని, టీ తాగి, ఒక్క ముక్క కూడా రాసుకోకుండా వెళ్ళిపోయింది. ఈ పనిలోకి వచ్చే పిల్లలు రాసుకోవాల్సింది ఆ ముక్కేనని నా నమ్మకం. అందుకే నేనే రాస్తున్నాను.

మాది గుడివాడ. నాన్నది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. పక్కనే బాబాయి కిరాణా, ఎదురుగా మేనమామ బట్టల దుకాణం. నాకు మాటలు వచ్చింది బేరాల మధ్య. 'అమ్మ' తర్వాత నేనన్న రెండో మాట 'గిట్టదు' అని మా నాయనమ్మ చెప్పేది. పెళ్ళయ్యాక మా వారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట డబ్లిన్ వచ్చాను. పిల్లలు కాస్త ఎదిగాక క్లాండాల్కిన్ బిజినెస్ ఎస్టేట్‌లో ఇంటి అలంకరణ సామాన్లు అమ్మే షోరూమ్‌లో చేరాను. మొదట కౌంటరు, తర్వాత సేల్స్, చివరి పదేళ్ళూ జనాల ఇళ్ళకి వెళ్ళి 'ఇది తీసి అక్కడ పెట్టండి' అని చెప్పే పని. కార్డు మీద స్టైలిస్ట్ అని వేశారు. మా ఇంట్లో సోఫా మీద ఆరబెట్టిన బట్టలు చూసినవాళ్ళెవరూ ఆ కార్డుని నమ్మలేదు.

మా షోరూముని చాలాకాలం పోషించింది ఫార్మ్‌హౌస్ స్టైలు. రైతు ఇల్లు ఎలా ఉంటుందని పట్నంవాళ్ళు ఊహించుకుంటారో, అలా తమ ఇంటిని చేయించుకోవడం. తెల్లరంగు వేసిన చెక్క గోడలు, కావాలని గీకి ముసలితనం తెప్పించిన బల్లలు, రేకు బకెట్లలో ఎండుపూలు, బండిచక్రమంత గడియారం, జన్మలో పాలు చూడని పాలక్యాన్లు. వంటింట్లో 'తినండి' అని పెద్ద చెక్క అక్షరాలు, హాల్లో 'ఇల్లు' అని ఇంకో పలక, ఎక్కడున్నామో మరిచిపోయేవాళ్ళ కోసం. వీటన్నిటికీ రాజు బార్న్ డోరు. పశువుల కొట్టానికి ఉండే తలుపులాంటిది. మడతబందులు ఉండవు. పైన నల్లటి ఇనప పట్టా మీద చక్రాలతో పక్కకి జరుగుతుంది.

ఆ తలుపులు చేసేది మా వడ్రంగి. ఈ కథ జరిగేటప్పటికి అరవై రెండేళ్ళు. పడమటి ఊళ్ళలో నిజం పొలంలో, నిజం ఆవుల మధ్య పుట్టి పెరిగిన ఐరిష్ మనిషి. ఎవరింట్లో బార్న్ డోరు బిగించినా బయటికొచ్చి వ్యానెక్కి ఒకటే మాట అనేవాడు: "మా నాన్న చూస్తే, ఆవేదీ అని అడిగేవాడు." నన్ను 'మిసెస్' అని పిలిచేవాడు. ఆయన దగ్గర ఒక లోపం ఉంది. ధర చెప్పలేడు. కస్టమరు ఎంతవుతుందని అడిగితే, "మిసెస్‌ని అడగండి. నాకు చెక్క ఒక్కటే తెలుసు" అని టేపు చుట్టుకునేవాడు. మా ఇద్దరి జోడీ అలా కుదిరింది. ఆయన నోరు నేను, నా చెయ్యి ఆయన.

మోజులు వచ్చినట్టే పోతాయి. జనం ఉన్నట్టుండి వెచ్చటి రంగులు, సన్నటి గీతలు అడగడం మొదలుపెట్టారు. బార్న్ డోరు ఆర్డర్లు ఆగాయి. ఆయన వారానికి నాలుగు రోజుల పని రెండు రోజులైంది. పెన్షన్‌కి ఇంకా నాలుగేళ్ళుంది. మా ఓనరు ఆడమనిషి, చెడ్డది కాదు, ఖచ్చితమైనది. ఆయన్ని కూర్చోబెట్టి ఒక మాట చెప్పిందట: 'పాత ఫార్మ్‌హౌస్ సామాను మార్చి ఇప్పటి పద్ధతిలో చేసివ్వడానికి జనం డబ్బిస్తారేమో మూడు నెలలు చూస్తాను. ఇస్తే నువ్వుంటావు. ఇవ్వకపోతే పిలిచినప్పుడు వద్దువుగాని.' ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకూ తెలియదు. మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను, నేను చేసిన పని బరువు మీకు తెలియాలని.

మూడో నెలలో మనవాళ్ళే ఒక జంట ఫోన్ చేశారు. హన్మకొండ వైపు వాళ్ళు, ఇద్దరూ ఐటీ. ఆరేళ్ళు అద్దె ఇళ్ళలో నలిగి, షోరూముకి పది నిమిషాల దూరంలో ఒక ఎస్టేట్‌లో ఇల్లు కొనుక్కున్నారు. అమ్మినవాళ్ళు ఫార్మ్‌హౌస్ సామాను చాలావరకు వదిలేసి వెళ్ళారు. నేను, కొలతలకని మా వడ్రంగి వెళ్ళాం.

ఆ అమ్మాయి తలుపు తీసి, నా బొట్టు చూసి, నేరుగా తెలుగులోకి దిగింది. "రాండ్రి ఆంటీ. ముందుగాల వంటింటి తలుపు చూడుండ్రి. మూసినా మూయనట్టే ఉంటది."

మూసి చూపించింది. బార్న్ డోరుకీ గోడకీ మధ్య సందు.

"పోపు ఏస్తే వాసన పైన బెడ్రూముల దాకా పోతది. ఈయన మీటింగ్ల కోట్ల నిండ ఇంగువనే."

భర్త మెల్లగా అన్నాడు. "కెమెరాల వాసన రాదు గదా అంటే వినది, ఆంటీ."

"ఆఫీసుకు పోయిన రోజు వస్తది గదా. లువస్ ట్రామ్‌ల నీ పక్కన సీటెందుకు ఖాళీగుంటదో ఎన్నడన్న ఆలోచించినవా?"

మా వడ్రంగి ఏమంటోందని అడిగాడు. చెప్పాను. ఆయన తన అరచెయ్యి సందులో పెట్టి చూశాడు, మూడు వేళ్ళు పట్టాయి. "ఆవులకి గాలాడాలి కదా" అన్నాడు. "అందుకే ఆ సందు. ఈ తలుపుని తప్పు పట్టడానికి లేదు. తన పని తను చేస్తోంది."

ఆ అమ్మాయికి ఇల్లంతా ఊడ్చి పారేయాలని ఉంది. తెల్లగా, చల్లగా, ఆస్పత్రిలా ఉందని గొడవ. నేను నా పాత పాఠం మొదలుపెట్టాను. పాచిపోయిన కూర పారబోస్తాం, ఉప్పు చాలని కూరలో ఉప్పేస్తాం, ఈ ఇంటికి ఉప్పే చాల్లేదు. చెక్క బల్ల ఉంచు, మీద తెల్లరంగు మాత్రం గీకించు. అక్షరాలు దించేయి. గోడలకి తడిమట్టి రంగు, నల్ల ఇనప పిడుల బదులు ఇత్తడి పిడులు, నడినెత్తిన ఒకే లైటు కాకుండా మూలల్లో చిన్న దీపాలు. అంతా చెప్పి, "మీ అమ్మవాళ్ళు ఇచ్చిన సామాన్లేమీ లేవా?" అన్నాను.

ఉన్నాయి. అటక మీద దుప్పట్లో చుట్టి రెండు ఇత్తడి బిందెలు, వాళ్ళ అమ్మమ్మ గంగాళం.

"నిజం బిందె అటక మీద, దొంగ పాలక్యాను హాల్లోనా?" అన్నాను.

ఆ అమ్మాయి పాలక్యాను తీసుకెళ్ళి వెనక తలుపు అవతల పెట్టి వచ్చింది. పని ఒప్పుకున్నట్టే.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని ధర మాట్లాడాం. వాళ్ళ బాపుది హన్మకొండలో కిరాణా కొట్టట. ఆ సంగతి ఆమె చెప్పకముందే నాకు తెలిసిపోయింది, కాగితం చూడకుండా నా మొహం చూస్తోంది గనక. ఐరిష్ వాళ్ళకి నేను ధర చెప్తే 'గ్రాండ్' అంటారు, బాగుందని అర్థం, అయిపోతుంది. ఏళ్ళ తరబడి చప్పిడి కూడు తిన్నదాన్ని. ఆ రోజు నాకు ఆవకాయ ముద్ద దొరికినట్టయింది. ఆమె తగ్గించమంది. నేను గిట్టదన్నాను. ఆమె లేచి నిలబడింది. నేను సంచి సర్దుకున్నాను. ఆమె భర్త మధ్యలో 'పోనీ' అనబోతే ఇద్దరం ఒకేసారి అతని వైపు చూశాం. అతను టీ పెట్టడానికి లేచి వెళ్ళిపోయాడు. మా వడ్రంగి కిటికీ దగ్గర నిలబడి, గొడవ పడుతున్నామనుకుని తోటవైపు చూస్తున్నాడు.

చివరికి ఒక అంకె దగ్గర ఇద్దరం ఆగాం. ఆమె పెన్నుకి మూత పెట్టి అంది, "సరే ఆంటీ. మరి కొసరేది?"

ఆ మాట విని ఎన్నేళ్ళయింది. మా నాన్న కొట్లో బిందె కొన్నవాళ్ళకి గరిటె, గంగాళం కొన్నవాళ్ళకి చెంబు. కొసరు లేకుండా మెట్లు దిగిన కస్టమరు మళ్ళీ మెట్లెక్కడని నాన్న సిద్ధాంతం. ఒళ్ళు తెలియలేదు నాకు. చుట్టూ చూశాను. దేవుడి పటాలు మైక్రోవేవ్ మీద ఉన్నాయి. వెంకటేశ్వరస్వామి వెనకాల పాప్‌కార్న్ ప్యాకెట్.

"వంటింటికి బందుల తలుపు పెడితే ఈ బార్న్ డోరు మిగులుతుంది కదా. ఆ చెక్కతో మీకు పూజ అల్మరా చేయించి ఇస్తాను. కొసరు" అన్నాను.

ఆమె చెయ్యి చాపింది. నేను చెయ్యి కలిపాను. పని కాగితంలో 'తలుపు చెక్కతో అల్మరా, వడ్రంగి పని' అన్న గీత మీద నా గుండ్రటి చేతిరాతతో సున్నా రాశాను.

వ్యాన్‌లో ఆయన అడిగాడు, చివర్లో దేనికి చేతులు కలిపారని. కొసరంటే ఏమిటో సంతోషంగా వివరించాను. మా ఊళ్ళో టమాటాలు కొంటే చివర్లో ఊరికే నాలుగు కొత్తిమీర రెబ్బలు వేస్తారు, అది ధర కాదు, అభిమానం, అన్నాను. ఆయన రెండు సిగ్నళ్ళు దాటించాడు.

"ఎంత పెద్ద ప్రెస్?" అని మాత్రం అడిగాడు. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు.

ఆయన ఆ బార్న్ డోరు ముందుగానే ఊడదీసి తెచ్చుకుని పని మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో అయిపోతుందని నా లెక్క. ఐదు రోజులు పట్టింది, దాని కోసం ఆ వారం రోజూ వచ్చాడు. మధ్యలో వచ్చి అడిగేవాడు. ఎటు తిరిగి ఉండాలి? తూర్పుకి. "మా చర్చిలోనూ అంతే" అన్నాడు. లోపల నిప్పు ఉంటుందా? చిన్న దీపం. ఆ మర్నాడు దీపం పెట్టే చోట పలకరాయి బిళ్ళ పొదిగాడు, పొగకి పైన వరసగా చిల్లులు పెట్టాడు. తెల్లరంగు గీకితే కింద తేనెరంగు పైన్ చెక్క బయటపడింది. పాత తలుపు మీద మేకులున్న గుంటల్ని పూడ్చకుండా వదిలేశాడు. ఎందుకంటే, "అవి దాని వయసు. గీకి తెచ్చిన వయసు కాదు, నిజం వయసు" అన్నాడు. నేను రోజూ వర్క్‌షాపులోకి తొంగి చూసి, మురిసిపోయి, నా తెలివికి నేనే జేజేలు కొట్టుకుని వచ్చేదాన్ని.

శుక్రవారం ఓనరు పిలిచింది. బల్ల మీద నా కాగితం.

"ఈ సున్నా నీదేనా?"

"నాదే. కస్టమరు సంతోషం కోసం. మా అలవాటు."

"మూడు నెలలుగా నేను ఎదురు చూస్తున్నది ఈ గీత మీద ఒక అంకె కోసం." అప్పుడు చెప్పింది, ఆయనకిచ్చిన గడువు సంగతి. "వచ్చిన ఒక్క పనికీ నువ్వు సున్నా రాశావు. ఊరికే ఇస్తేగానీ ఎవరికీ అక్కర్లేదని నాకు అర్థమైంది. వచ్చే నెల నుంచి ఆయన్ని పని ఉన్నప్పుడే పిలుస్తాను."

అది వాళ్ళు అడిగింది కాదు, నేనే ఇచ్చాను, అన్నాను. మా నాన్న కొట్టు సంగతి, గరిటెల సంగతి చెప్పాను. ఆమె ఓపిగ్గా వింది.

"మీ నాన్న గరిటె ఇచ్చాడు. గరిటె ఎవరిది?"

"నాన్నదే."

"ఈ ఐదు రోజులు ఎవరివి?"

ఆ సున్నా వైపు చూశాను. గుడివాడ బజార్లో పుట్టినదాన్ని, ఒట్టి చేతులతో వెనుదిరగడం నాకు అలవాటు లేదు. ఇంకో ప్రయత్నం చేశాను. వాళ్ళు ఇప్పుడు డబ్బిస్తే, అన్నాను. "నెలాఖరు లోపల ఈ పనికి ఎవరైనా డబ్బిస్తామని సంతకం పెట్టిన కాగితాలు తీసుకురా. అప్పుడు మాట్లాడదాం" అంది.

వర్క్‌షాపుకి వెళ్ళాను. ఆయన అల్మరా తలుపుకి గరుకు కాగితం పడుతున్నాడు. నాకు తెలియదు, తెలిస్తే అలా చేసేదాన్ని కాదు, అని ఏదో గొణిగాను. ఆయన చెయ్యి ఆపలేదు.

"అయితే నేను కొత్తిమీరనన్నమాట" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకి నాకు జవాబులున్నాయి.

"ఆ రోజు వ్యాన్‌లోనే చెప్పొచ్చు కదా, నాకు గడువుందని" అన్నాను, తప్పు నా ఒక్కదాని నెత్తిన ఎందుకని.

"చెప్తే నువ్వు వెనక్కి వెళ్ళి బేరం తిప్పేదానివి. అప్పటికే చేతులు కలిపావు." చెక్క మీద పొడి ఊదాడు. "అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి, మిసెస్. ఆ అమ్మాయి దేవుళ్ళు ఆ మైక్రోవేవ్ మీద నాకూ బాగోలేదు. అడగలేదు నువ్వు, అంతే."

సోమవారం బిగింపు. నెలాఖరుకి ఇంకా పది రోజులుంది. దారి పొడుగునా నేను మనసులో మాటలు కూర్చుకుంటున్నాను. మా నాన్న కొట్లో ఒక నియమం ఉండేది. బేరం కుదిరి చెయ్యి కలిపాక ధర మార్చినవాడు ఆ పూటే షట్టరు దించుకోవాలి. ఆ నియమం నేను ఆ రోజు తప్పబోతున్నాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్తే వ్యాన్ తిప్పేస్తాడు.

ముందు వంటింటికి కొత్త తలుపు. నాలుగు బందులు, చుట్టూ రబ్బరు పట్టీ. మూస్తే చిన్న చప్పుడుతో కూర్చుంది. ఆ అమ్మాయికి చప్పుడు చాల్లేదు. "ఆగుండ్రి, పరీక్ష జెయ్యాలె" అని భర్తని పైకి పంపి, తలుపు మూసుకుని, నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసింది. నేనూ వడ్రంగీ హాల్లో నిలబడ్డాం. లోపల చిటపటలు. ఆమె భర్తకి ఫోన్ చేసినట్టుంది, పైనుంచి అతని గొంతు వినపడింది. "ఏం వస్తలేదు. ఏసినవా అసలు?"

తలుపు తెరిచింది. ఘాటు మా ఇద్దరి మొహాన కొట్టింది. మా వడ్రంగి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఆవులకైతే సందు ఉండాల్సిందే" అన్నాడు.

తర్వాత అల్మరా తెచ్చి తూర్పు చూసేలా పెట్టాడు. ఆ అమ్మాయి దాని ముందుకొచ్చి నిలబడింది. కిరాణా కొట్టు పిల్ల కదా, పైపైన చూడలేదు. సొరుగు మొత్తం బయటికి లాగి వెనక వైపు వేలితో తడిమింది. ఎవరికీ కనపడని ఆ వెనకచెక్క కూడా నున్నగా ఉంది. పలకరాయి బిళ్ళ మీద చెయ్యి పెట్టింది. పైన చిల్లులేమిటని అడిగింది. పొగకి దారి అన్నాను. వేలు మేకు గుంట దగ్గర ఆగింది.

నేను ఆమె పక్కకి వెళ్ళాను. "అమ్మా, నేనొక తప్పు చేశాను. ఇది కొసరని చెప్పాను. ఇది నాది కాదు, ఆయనది. ఇవ్వడానికి నాకు హక్కు లేదు." మొత్తం చెప్పాను. గడువు, ఓనరు, సున్నా, వచ్చే నెల. "మాట ఇచ్చాక అడగకూడదని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. దీనికి ఏదో ఒక ధర కట్టు."

నా జన్మలో ధర పెంచమని కస్టమర్ని బతిమాలడం అదే మొదటిసారి. ఆమె భర్త ఇబ్బందిగా కదిలాడు. "ఆంటీ, అగ్రిమెంట్ల లేదు గదా" అన్నాడు. తప్పు మాట కాదు.

ఆ అమ్మాయి ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది. "ఎన్ని రోజులు పట్టింది?"

"ఐదు." ఆయనకి మా తెలుగు అర్థం కాలేదు గానీ నా మొహం అర్థమైంది. "మిసెస్, ఏం చేస్తున్నావు నువ్వు?"

"నోరు మూసుకో, బేరమాడుతున్నాను" అన్నాను.

ఆ అమ్మాయి మళ్ళీ నా వైపు తిరిగింది. "ఆంటీ, దీనికైతే పైసలియ్య. కొసరని తీసుకున్నది కొసరే. దానికి పైసలిస్తే మా బాపు ఊకోడు, మీ బాపు కూడ ఊకోడు."

 ఆమె చెప్పిందానిలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. నేనైనా అదే మాట అనేదాన్ని.

"కానీ గీ లైన్ల ఉన్న ఇండ్లన్నిటికి గివ్వే తలుపులు. బిల్డరు ఒకటే లెక్కన పెట్టిండు. మనోళ్ళు ఇంకో నలుగురున్నరు. అందరు ఇంగువతోని సస్తున్నరు. అందరి దేవుళ్ళు మైక్రోవేవ్‌ల మీదనో, షూ ర్యాక్‌ల మీదనో ఉన్నరు. శనివారం నలుగురిని పిలుస్త. చాయ్ పోసి, తలుపు మూసి పోపు ఏసి చూపిస్త, గీ అల్మరా చూపిస్త. ఈ అంకుల్ రావాలె. తన పనికి తనే ధర చెప్పాలె."

"తప్పకుండా వస్తాం" అన్నాను.

"మీరు రావద్దు ఆంటీ."

"నేనా?"

"మీరొస్తే మళ్ళ ఏదో ఒకటి ఊకెనే ఇచ్చేస్తరు."

వ్యాన్‌లో ఈ సంగతి తర్జుమా చేసి చెప్తే ఆయన స్టీరింగ్ మీద తల ఆనించుకుని నవ్వాడు. ఆ వారం మొత్తంలో ఆయన నవ్వడం అదే. వెంటనే నవ్వు ఆగిపోయింది. "ధర నేను చెప్పాలా?"

ఆ వారం రోజులూ, ఆయనకి పని లేని రోజుల్లో కూడా రప్పించి, మధ్యాహ్నం శాండ్‌విచ్ వేళ వర్క్‌షాపులో ఆయనకి బేరం నేర్పాను. నేను కస్టమర్ని, ఆయన వ్యాపారి. ముందు ఎక్కువ చెప్పు, తర్వాత చెక్క వైపు చూసి నిట్టూర్చు, రెండు మెట్లు దిగు, మూడోది దిగకు. ఆయన అంకె చెప్పి, నేను కనుబొమ్మ ఎత్తేసరికి, "అది ఎక్కువైతే పర్లేదు, మీకు ఎంత తోస్తే అంత" అనేవాడు. గుడివాడ బజార్లో ఈయన కొట్టు పెడితే మధ్యాహ్నానికి తాళం కప్ప కూడా మిగలదనిపించింది. గురువారానికి నేను ఆశ వదిలేసుకున్నాను. శుక్రవారం ఆయనే అన్నాడు, "నీ పద్ధతి నాకు రాదు, మిసెస్. చెక్కని చూసి నిట్టూర్చడం నా వల్ల కాదు. మంచి చెక్కని చూసి ఎవరైనా ఎందుకు నిట్టూరుస్తారు?"

శనివారం వ్యాన్ నేనే నడిపాను. లోపలికి రావద్దన్నారు గానీ వీధి చివర కూర్చోవద్దని ఎవరూ అనలేదు. వాన తుంపర. అద్దాల మీద ఆవిరి తుడుచుకుంటూ ఆ ఇంటి కిటికీ వైపు చూశాను. మనుషుల నీడలు అటూ ఇటూ కదిలాయి. ఒకసారి తలుపు తెరుచుకుంటే ఇంగువ వాసన వీధి చివరి దాకా వచ్చింది. పరీక్ష అయిందన్నమాట. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ చాలాసేపట్లో నేను ఆయన బదులు నాలుగు ఇళ్ళకి ధర చెప్పి, నలుగురికీ తగ్గించి, ఇద్దరికి దీపపు కుందులు కూడా ఇచ్చేశాను, మనసులోనే.

గంట తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు. టోపీ తీసి దులుపుకున్నాడు. జేబులోంచి కాగితాలు తీసి నా ఒళ్ళో పెట్టాడు. మూడు. నాలుగోవాళ్ళు అద్దెకుంటున్నారట, ఇంటివాణ్ణి అడగాలట. మూడింటి మీదా సంతకాలు. వడ్రంగి పని అన్న గీత మీద అంకె చూసి నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. నేను అడగడానికి భయపడే ధర అది.

"ఎలా చెప్పావు?"

"ఎన్ని రోజులు పడుతుందో చెప్పాను. రోజుకి ఎంతో చెప్పాను. తర్వాత ఏమీ మాట్లాడలేదు."

"తగ్గించమని అడగలేదా?"

"అడిగారు."

"ఏమన్నావు?"

"ఏమీ మాట్లాడలేదని చెప్పాను కదా. ఆ అమ్మాయి నాకు ఇంకో కప్పు టీ పోసింది. కారం వేసిన గింజలేవో పెట్టింది. బాగున్నాయి."

సోమవారం కాగితాలు ఓనరు బల్ల మీద పెట్టాను. ఆమె మూడింటినీ తిప్పి తిప్పి చూసింది, ముఖ్యంగా ఆ గీత మీద. "ఇది నువ్వు రాసింది కాదు" అంది. కాదన్నాను. గోడ మీది రోస్టరు దగ్గరికి వెళ్ళి ఆయన పేరు ఎదురుగా నాలుగు గళ్ళు నింపింది. ఆరు వారాల తర్వాత షోరూము ముందు భాగంలో 'మీ పాత తలుపు మాకివ్వండి, కొత్తగా చేసిస్తాం' అని ఒక మూల వెలిసింది. అక్కడ నమూనాగా ఆయన చేసిన బల్ల, అల్మరా, కిటికీ దగ్గర కూర్చునే బెంచీ పెట్టారు. ఇళ్ళలో బార్న్ డోర్లు ఎన్ని ఉన్నాయంటే, ఆయన పెన్షన్ దాకా ఏం ఖర్మ, ఇంకొకరి పెన్షన్ దాకా కూడా సరిపోతాయి. ఆయనకి పెన్షన్ వచ్చే ఏడాది. ఆగేటట్టు లేడు.

పిల్లలూ, పాత ఇంటిని కొత్తగా చేసే పనిలో ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నది మీకు కాలేజీలో చెప్తారు. ఎవరి శ్రమ మీ జేబులోది కాదో మాత్రం చెప్పరు. అది నాకు యాభై దాటాక తెలిసింది.

షోరూములో ఆ మూల వెలిసిన తర్వాతి నెలలో, డబ్లిన్ శివార్లలో టాలా అనే చోట ఒక ఇంటికి వెళ్ళాం. మనవాళ్ళే, గుంటూరాయన. మా వడ్రంగి నన్ను రమ్మన్నాడు గానీ ఒక షరతు మీద. రంగుల గురించి ఎంతైనా మాట్లాడొచ్చు, ధర దగ్గర పెదవి కదపకూడదు. సరేనన్నాను. ఆయన రోజులు చెప్పాడు, రోజుకి ఎంతో చెప్పాడు, ఆగాడు. గుంటూరాయన నా వైపు తిరిగి, "ఏవండీ, మనవాళ్ళు కదా, కాస్త చూసి చెప్పండి" అన్నాడు. నాలుక చివర దాకా వచ్చింది. పైకి చూశాను. పైకప్పుకి దొంగ దూలాలు బిగించి ఉన్నాయి. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే. ఫ్రిజ్ చప్పుడు వినపడుతోంది. గుంటూరాయన దగ్గాడు, భార్య వైపు చూశాడు, కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు.

వ్యాన్‌లో మా వడ్రంగి సీటు బెల్టు పెట్టుకుంటూ అడిగాడు. "బాధగా ఉందా, మిసెస్?"

"చాలా" అన్నాను.

"గ్రాండ్" అన్నాడు, బండి స్టార్ట్ చేశాడు.